గాలిమరల గట్టు మీద బూట్లు

“మిమ్మల్నెవరు రమ్మన్నారు?”

జయరాజు తలుపుకి అడ్డంగా నిలబడి అడిగాడు. లోపల పాట నడుస్తోంది కాబట్టి గొంతు తగ్గించాడు గానీ మొహంలో కోపం మాత్రం తగ్గించలేదు. టెక్సస్‌లో, ఇర్వింగ్‌లోని ఆ తెలుగు క్రైస్తవ సంఘానికి ఆయనే పెద్ద. ఎవరింట్లో పిల్ల పుట్టినా, ఎవరి ఉద్యోగం ఊడినా మొదటి ఫోను ఆయనకే వెళుతుంది. అలాంటి మనిషి ఆదివారం పూట ఒకరిని గుమ్మంలో ఆపడం ఆ సంఘంలో ఎవరూ చూసి ఉండరు.

“జెనిఫర్ రమ్మందండి,” అంది పర్సిస్.

“ఇది కృతజ్ఞత కూటం. ఇంటరాగేషన్ రూమ్ కాదు.”

“తెలుసండి. ఇంటరాగేషన్ రూమ్‌లోకైతే చెప్పులేసుకునే వెళ్ళొచ్చు.”

ఆమె వంగి శాండల్స్ విప్పి, గోడ పక్కనున్న చెప్పుల స్టాండ్‌లో పెట్టింది. చెప్పులు విప్పి నిలబడ్డ మనిషిని ప్రార్థనకు రావద్దనడానికి పెద్దకైనా నోరు రాదు. జయరాజు పక్కకి జరిగాడు, అదీ ఒక్క మనిషి పట్టేంతే.

పర్సిస్‌ది నర్సాపురం. ఇన్సూరెన్స్ క్లెయిముల్లో అబద్ధాలు పట్టుకునే ఉద్యోగం ఏళ్ళ తరబడి చేసి, పై అధికారి అబద్ధం కూడా ఒకటి పట్టుకుని, అక్కడితో ఆ ఉద్యోగానికి నమస్కారం పెట్టి, సొంతంగా డిటెక్టివ్ లైసెన్స్ తీసుకుంది. ఆమె నోరు మంచిది కాదని సంఘంలో సగం మంది అంటారు. మిగతా సగం మంది ఆమెతో మాట్లాడరు.

ఈ గొడవంతా మూడు వారాల నాటిది. బైబిల్లోని పౌలు ప్రయాణం చేసిన ఊళ్ళు చూసొద్దామని సంఘంలో కొందరు గ్రీసు వెళ్ళారు. రోడ్స్ ద్వీపంలో, రేవు పక్క హోటల్లో దిగారు. ఒక తెల్లవారుజామున ఆ రేవు నీళ్ళలో జూడ్ శవం తేలింది. ముప్ఫై నాలుగేళ్ళ వాడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, సంఘంలో గిటార్ వాయించేవాడు. ఒడ్డున గాలిమరల గట్టు మీద ఒక జత బూట్లు పొందిగ్గా పక్కపక్కన పెట్టి ఉన్నాయి. అక్కడి పోలీసులు ఆ బూట్లు చూశారు. కుర్రాడు ఈ మధ్య దిగులుగా ఉండేవాడా అని టూర్ పెద్దను అడిగారు. ఉండేవాడని జయరాజు చెప్పాడు. ఆత్మహత్య అని రాసేశారు.

శవం మొన్న శుక్రవారం వచ్చింది. ఆత్మహత్య చేసుకున్నవాడికి సంఘం తరఫున ఆరాధన జరగదని, రేపు నేరుగా సమాధుల తోటకే తీసుకెళ్ళాలని పెద్దలు తీర్మానించారు. అంతటితో పోయినా బాగుండేది. పోయిన ఆదివారమే సండే స్కూల్లో ఎవరి పిల్లాడో, ఇంట్లో విన్న మాటే కాబోలు, జూడ్ కూతురు అనికతో “మీ డాడీ హెవెన్‌లో ఉండడు” అన్నాడు. ఆ పిల్లకి ఆరేళ్ళు. ఇంటికొచ్చి తల్లిని నిజమేనా అని అడిగింది.

“దానికి నేనేం చెప్పాలక్కా?” అని జూడ్ భార్య జెనిఫర్ ఫోన్ చేసిన రోజే పర్సిస్ ఈ కేసు తీసుకుంది. ఫీజు సంగతి ఎత్తలేదు. అంత కోపంలో ఎవరైనా ఫీజు సంగతి ఎత్తగలరా!

* * *

హాల్లో లైట్లు తీసేసి తెర మీద టూర్ ఫొటోలు వేస్తున్నారు. అందరూ కార్పెట్ మీద పరిచిన దుప్పట్ల మీద కూర్చున్నారు. వెనక వరసలో గోడకి ఆనుకుని జెనిఫర్, ఆమె ఒళ్ళో తల పెట్టుకుని అనిక. వాళ్ళ చుట్టూ మాత్రం దుప్పటి ఖాళీగా ఉంది. పర్సిస్ వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుంది.

“ఇదే మాండ్రాకి రేవు,” అని జయరాజు మైకులో వివరిస్తున్నాడు. “అదిగో స్తంభాల మీద జింకలు. పాతకాలంలో ఇక్కడే పెద్ద కంచు విగ్రహం నిలబడిందని గైడ్ చెప్పాడు. ఈ పొడవాటి రాతి గట్టు మీద మూడు గాలిమరలు. గట్టు చివర కోట, లైట్‌హౌస్. మన పౌలుగారి ఓడ ఈ ద్వీపానికే వచ్చింది. గట్టు మీద నిలబడి ఎంత కదిలిపోయామో!”

అదే గట్టు మీంచి ఏకంగా పోయినవాడి పెళ్ళాం వెనక కూర్చుని ఉందన్న స్పృహ ఆ గొంతులో లేదు. పర్సిస్ పళ్ళు బిగించి ఫొటోలే చూసింది.

చూడాల్సినవి కోటలూ జింకలూ కావు, కాళ్ళు. ఫొటోలో అందరివీ ఒకే రకం బూట్లు: బూడిద రంగు, లేసులు లేనివి. జయరాజు భార్య కరుణమ్మ అందరి సైజులూ అడిగి, ఆన్‌లైన్‌లో ఒకేసారి తెప్పించింది. వెళ్ళిన ప్రతి చోటా ప్రార్థన చేసుకుంటారు, ప్రతిసారీ బూట్లు విప్పుతారు, ఇక లేసులు కడుతూ విప్పుతూ కూర్చుంటే బస్సు వెళ్ళిపోతుందని ఆవిడ లెక్క.

తర్వాతి ఫొటోకి హాలంతా నవ్వింది. రోడ్స్ పాత ఊళ్ళో, గులకరాళ్ళు పరిచిన వీధి, ‘నైట్స్’ అని పాతకాలపు గుర్రపు యోధుల పేరు పెట్టింది. గుండ్రంగా నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నారు. పక్కన బూడిద రంగు బూట్లు కుప్ప.

“ఎవరివి ఎవరివో తెలిస్తేగా!” అని కరుణమ్మ ముందు వరసలోంచి అంది. “ఆ రోజు వినయ్ మా ఆయనవి వేసుకుని బస్సెక్కేశాడు. ఇద్దరిదీ ఒకటే సైజాయె!”

“జూడ్‌దీ అదే సైజు,” అన్నారెవరో, అని నాలిక కరుచుకున్నారు. నవ్వులు ఆగిపోయాయి. జయరాజు తర్వాతి ఫొటో నొక్కాడు.

పర్సిస్ లేచి వంటగది వైపు వెళ్ళింది. అక్కడ వినయ్ కుమార్ బిర్యానీ ట్రేల మీద రేకులు ఊడదీస్తున్నాడు. రోడ్స్ హోటల్లో జూడ్‌తో ఒకే గదిలో ఉన్నవాడు ఇతనే. వరంగల్ కుర్రాడు. ఆమెను చూడగానే మొహం మాడ్చుకున్నాడు.

“నేను స్టేట్‌మెంట్ ఇచ్చిన కదా మేడమ్. మళ్ళ నన్నెందుకు పట్టుకుంటున్నరు?”

“నిద్రపోయానన్న ఒక్క ముక్కకి స్టేట్‌మెంట్ అని పేరా? నీ పక్క మంచం మీది మనిషి లేచి, తలుపు తీసుకుని వెళ్ళాడు. నీకు మెలకువే రాలేదా?”

“రాలే.”

“ముందు రోజు బస్సులో నువ్వూ జూడ్ గొడవ పడ్డారు. దేనికి?”

అతను రేకు ముక్కని ఉండ చుట్టి చెత్తబుట్టలోకి విసిరాడు. అది బయట పడింది. “నా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌ల ఉంది మేడమ్. పోలీస్ కేస్‌ల పేరొస్తే ఏమైతదో మీకు తెల్వదా? నన్ను ఒదిలేయండ్రి.”

“వదిలేస్తాను. నువ్వు రేపు సమాధి దగ్గర ఆ పిల్ల మొహం చూసి ఇదే మాట చెప్పు. అక్కడే వదిలేస్తాను.”

వినయ్ చేతులు ఆగిపోయాయి. హాలు వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“ఎవరో తలుపు కొట్టిన్రు. ఇంక చీకటే ఉంది. మెల్లగ కొట్టిన్రు, రెండుసార్లు. జూడ్ ‘వస్తున్నా’ అని షూస్ వేసుకుని పోయిండు. ఎవరో నేను చూడలే, ఒట్టు.”

“పోలీసులకి ఎందుకు చెప్పలేదు?”

“ఎంత తక్కువ మాట్లాడితే నాకు అంత మంచిదన్నరు.”

“ఎవరు?”

“అందరూ అన్నరు!” అని కసిరాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. “గొడవ గురించి గూడ చెప్తా ఇనుండ్రి. పోయిన చలికాలం జూడ్ ఎవరిదో కార్‌ల వస్తుంటే, హైవే పక్క ఫ్రంటేజ్ రోడ్ మీద సైకిల్ ఆయన్ని గుద్దిన్రట. ఆపకుండ వచ్చేసిన్రట. ఆ మనిషి చనిపోయిండు. డ్రైవ్ చేసింది జూడ్ కాదు, పక్క సీట్ల ఉన్నడు. ఎవరి కారో నాకు చెప్పలే. ఇంటికి పోయినంక చర్చిల సాక్ష్యం చెప్పేస్తా, నిద్ర పట్టట్లేదు అన్నడు. పిచ్చా నీకు, వీసా పోతది అని నేను తిట్టిన.”

“ఆ కారు నీదేనేమో?”

“చలికాలమంత నేను సియాటిల్ పక్క రెడ్‌మండ్‌ల ఉన్న! మా మేనేజర్‌ని అడుగుండ్రి!”

“అడుగుతాను,” అంది పర్సిస్. అడగక్కర్లేదని ఆమెకు అప్పటికే అనిపించింది. ఇంత భయస్థుడికి ఒక మనిషిని చంపి, ఇంత బిర్యానీ మధ్య మామూలుగా తిరగడం చేతకాదు.

* * *

బయట చెప్పుల స్టాండ్ దగ్గర అనీష్ నిలబడి ఉన్నాడు, బూట్లతోనే. జూడ్ ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున వచ్చిన ఇన్వెస్టిగేటర్ అతను. ఈ దేశంలోనే, అల్ఫారెట్టాలో పుట్టి పెరిగిన కుర్రాడు. జూడ్‌ది ఆత్మహత్యేనని అతని రిపోర్ట్ రేపు పొద్దున వెళ్ళిపోతుంది. అది వెళితే గ్రీసులో ఫైలు మళ్ళీ తెరిచేవాడుండడు.

“ఆంటీ, మీరు ఇంకా ట్రై చేస్తున్నారా?” అన్నాడు జాలిగా.

“నా లైసెన్స్ మీద ఆంటీ అని లేదు.”

“ఓకే, సారీ. కానీ కేస్ ఓవర్. షూస్ నీట్‌గా పెట్టి వాటర్‌లో జంప్ చేశాడు. అది గుడ్‌బై సైన్. ఎవ్రీబడీ నోస్.”

“ఆ ఎవ్రీబడీలో మావాళ్ళు లేరు. నువ్వు లోపలికెందుకు వెళ్ళలేదు?”

“షూస్ తీయమన్నారు. కార్పెట్ కొత్తది ఏమో, డర్టీ అవుతుంది అని.”

పర్సిస్‌కి నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. “కార్పెట్ కోసం కాదు నాయనా, ప్రార్థన కోసం. మా ఊళ్ళో చర్చి గడప దగ్గర చెప్పులు విప్పుతాం. ఇక్కడికొచ్చినా విప్పుతాం. రేవు గట్టు మీద ప్రార్థించినా విప్పుతాం. లోపల తెర మీద చూడు, ప్రతి ఫొటోలో విప్పారు. చావడానికి పోయేవాడు బూట్లు విప్పుతాడో లేదో నాకు తెలీదు. ప్రార్థనకి పోయేవాడు మాత్రం విప్పుతాడు.”

అనీష్ స్టాండ్ వైపు కొత్తగా చూశాడు. అయినా తగ్గలేదు. “ఫైన్. ప్రే చేశాడు. దెన్ జంప్ చేశాడు. లేదా స్లిప్ అయ్యాడు. మీ దగ్గర ప్రూఫ్ ఏది?”

ఆమె భుజానికున్న పెద్ద సంచిలోంచి ఒక జత తీసింది. బూడిద రంగు, లేసులు లేనివి. గ్రీసు నుంచి జూడ్ సామానుతో నేరుగా జెనిఫర్‌కే వచ్చిన బూట్లు. పాస్‌పోర్టు మీద వీసా స్టాంపింగ్ లేక, దేశం దాటితే తిరిగి రానివ్వరని జెనిఫర్ టూర్‌కి వెళ్ళలేకపోయింది గానీ, వెళ్ళి ఉంటే ఆ రేవు దగ్గరే ఈ సంగతి తేలిపోయేది. పార్సిల్ విప్పీ విప్పగానే “ఇవి ఆయనవి కావక్కా” అంది.

“కుడి బూటు చూడు. బొటనవేలి మొదట్లో బయటికి ఎలా ఉబ్బిందో. లోపల కణుపు పొడుచుకొచ్చిన కాలు రోజూ నడిస్తే ఇలా అవుతుంది. జూడ్ పాదాలు పలకల్లాంటివి. నీకు నమ్మకం లేకపోతే శవం ఇంకా పూడ్చలేదు, వెళ్ళి చూసుకో.”

“అదే సైజ్ కదా...”

“అదే సైజు, అదే రంగు, అదే ఆర్డర్. అందుకే పొరపాటు జరిగింది. చీకట్లో ఇద్దరు ఆ గట్టు మీదికి వెళ్ళారు. ఇద్దరూ బూట్లు విప్పారు. ఒకడు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. రెండోవాడు కళ్ళు తెరిచే ఉన్నాడు. తోసేశాక కంగారులో కాళ్ళకి అందిన జత తొడుక్కుని పారిపోయాడు. అవి జూడ్‌వి. తనవి గట్టు మీద వదిలేశాడు.”

అనీష్ వంగి ఆ ఉబ్బుని దగ్గరగా చూశాడు. “దెన్ ఇవి ఎవరివి?”

“ఇక్కడ చూడు.” పర్సిస్ స్టాండ్ ముందు గొంతుక్కూర్చుంది. కూటానికి ముందు బయట గ్రూప్ ఫొటో తీస్తామని, అందరూ టూర్ బూట్లే వేసుకు రావాలని కరుణమ్మ వాట్సాప్‌లో హుకుం జారీ చేసింది. ఒక్కో జతా తిరగేసి చూపించింది. గ్రీసు రాళ్ళ మీద తిరిగినవన్నీ మడమల దగ్గర అరిగి ఉన్నాయి, గాడుల్లో తెల్ల దుమ్ము ఇంకా ఉంది. మధ్య అరలో ఒక్క జతకి మాత్రం అడుగున చిన్న గీత కూడా లేదు. సైజు స్టిక్కర్ పీకిన జిగురు అలాగే ఉంది.

“జూడ్ బూట్లు దగ్గరుంచుకోలేక దారిలోనే ఎక్కడో పారేసి ఉంటాడు. అలా ఎవరిదో పాత జత పోయింది. ఎవరికీ అనుమానం రాకూడదని అదే రకం మళ్ళీ వచ్చింది,” అంది.

“ఎవరిది?”

“నాకూ తెలీదు. కూటం అయ్యాక కాళ్ళే చెబుతాయి.”

ఆమె కొత్త జతను సంచిలో వేసుకుని, ఆ చోట్లో రోడ్స్ నుంచి వచ్చిన జత పెట్టింది. అనీష్ ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. “అది ఎవిడెన్స్! కంటామినేట్ అవుతుంది!”

“లోపల అరికాలి కిందుండే అట్టలు పొద్దున్నే తీసి సీల్ చేశాను. నా కార్‌లో ఉన్నాయి, ల్యాబ్‌కి నువ్వే పంపు. వీటిలో ఉన్నవి కొత్త అట్టలు. ఇప్పుడు ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, కాసేపు నోరు మూసుకుని నిలబడు. నీ రిపోర్ట్ రేపటిదేగా, ఈ కాసేపట్లో కొంప మునగదు.”

అనీష్ ఆమెను కొరకొరా చూశాడు. చూసి, ఫోన్ తీశాడు.

* * *

భోజనాలై, ముగింపు ప్రార్థన కూడా అయింది. ముందుగా వినయ్ వచ్చాడు. పర్సిస్ అతని చేతినే చూసింది. అతను పై అరలోంచి మడమ అణిగిపోయిన జతను లాక్కుని, ఆమె వైపు చూడకుండా కాళ్ళకీడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. తర్వాత మరి కొందరు. ఎవరివి వాళ్ళు వేసుకున్నారు. ఒకావిడ “ఇంకా ఇక్కడే ఉన్నారా!” అని పర్సిస్ మొహం మీదే అనేసి వెళ్ళింది. మధ్య అర జోలికి ఎవరూ రాలేదు.

చివరికి జయరాజు వచ్చాడు. వెనకే కరుణమ్మ, కాస్త దూరంలో అనిక చెయ్యి పట్టుకుని జెనిఫర్. అనీష్, పర్సిస్ పక్కపక్కన నిలబడి ఉండడం చూసి ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి.

“మిస్టర్ అనీష్, మీ పని అయిపోయిందనుకున్నానే. ఈవిడ మాటలు వింటున్నారా?” అని పర్సిస్ వైపు తిరిగాడు. “జూడ్ బూట్లు మీరు పట్టుకెళ్ళారట. జెనిఫర్ ఇప్పుడే చెప్పింది. చచ్చినవాడి వస్తువులతో మీకేం పని?”

“మీకేం పనండి? పార్సిల్ వచ్చినప్పటి నుంచీ ఆ బూట్ల కోసం జెనిఫర్‌కి మూడుసార్లు ఫోన్ చేశారట.”

“పెట్టెలో పెట్టాలి. చివరిసారి వేసుకున్నవి. వాడితో పాటే పోవాలి. అది మర్యాద.”

“చర్చిలో ఆరాధన లేదన్నారు. పాట లేదన్నారు. బూట్లకి మాత్రం మర్యాద ఉందా?”

జయరాజు మొహం ఎర్రబడింది. “నోరు అదుపులో పెట్టుకో! ఆడదానివని ఊరుకుంటున్నాను. ఎవరిదో కాపురం కూలితే దాన్ని తవ్వి బతికే బతుకు నీది. సంఘంలో ఇంకోసారి అడుగు పెట్టావంటే...” అని ఆమె కళ్ళలోకే చూస్తూ, చెయ్యి గోడకి ఆనించి, మధ్య అరలోంచి జతను కాలితోనే కిందికి లాగి ఎడమ కాలు దూర్చాడు. కుడి కాలు దూర్చాడు. ఉబ్బిన చోట ఉబ్బిన కణుపు ఇమిడిపోయింది. నేల మీద ఒకసారి తన్నాడు, మడమ సర్దుకుంది. “ఆ బూట్లు ఇప్పుడే, ఇక్కడే నా చేతికియ్యి.”

అనీష్ ఫోన్ కెమెరా మెల్లగా కిందికి దిగింది, జయరాజు కాళ్ళ మీదికి.

కరుణమ్మ కూడా అటే చూసింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

“అయ్యో, ఇవెక్కడ దొరికాయండీ? ఆ ఊళ్ళో ఎవరో ఎత్తుకుపోయారన్నారుగా!” అని వంగి కుడి బూటు ఉబ్బుని వేలితో తడిమింది. “ఈ బుడిపె నేనెరగనా? ఇంటికొచ్చాక మళ్ళీ కొత్తవి ఆర్డర్ పెట్టాను కూడాను. చూడమ్మా పర్సిస్, మతిమరుపు మనిషి!”

“ఎప్పుడు పోయాయన్నారండీ?” అని పర్సిస్ మెత్తగా అడిగింది. ఆవిణ్ణి ఆ ప్రశ్న అడగడం ఆమెకు ఏమాత్రం ఇష్టం లేకపోయింది.

“అదే, జూడ్ పోయిన రోజేనమ్మా. తెల్లారి బయట్నుంచి ఒట్టి కాళ్ళతో వచ్చి...”

కరుణమ్మ ఆగిపోయింది. ఆ తెల్లవారుజామున తన భర్త గది దాటి వెళ్ళలేదని గ్రీసు పోలీసులకి చెప్పింది ఆవిడే. అలా చెప్పమన్నది ఆయనే. బూటు మీది వేలు మెల్లగా వెనక్కి వచ్చింది. వంగిన మనిషి వంగినట్టే తలెత్తి భర్త మొహం చూసింది.

“కరుణా, నోరు ముయ్యి,” అన్నాడు జయరాజు.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో నలుగురిలో ఆయన ఆవిణ్ణి ఒక్క మాట అని ఎరగడు. ఆవిడ నోరు మూయలేదు. “పోయిన చలికాలం జూడ్‌తో వెళ్ళొచ్చిన మర్నాడే ఆ కారు ఎందుకమ్మేశారు?” అని అడిగింది, ఎవరూ అడగకుండానే.

జయరాజు వెనక్కి ఒకడుగు వేశాడు. తలుపు దగ్గర అనీష్ నిలబడి ఉన్నాడు. అతను జరగలేదు. “సర్, ప్లీజ్ షూస్ తీయండి,” అన్నాడు.

పర్సిస్ వాళ్ళెవరి వైపూ చూడలేదు. జెనిఫర్ వైపు చూసింది. జెనిఫర్ కార్పెట్ అంచున మోకాళ్ళ మీద కూర్చుని కూతురి రెండు భుజాలూ పట్టుకుంది. ఏడుపు ఆపుకోవడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

“అనికా, నువ్వు అడిగావు కదమ్మా,” అంది. “డాడీ మనల్ని వదిలేసి వెళ్ళలేదు. ప్రార్థన చేసుకోవడానికి వెళ్ళాడు.”